మన ప్రోగ్రాములో మండలం, ఫైల్లో సబ్‌డిస్ట్

పాత ఆధార్ కార్డు ఒకటి తీసి, దాని మీదున్న క్యూఆర్ కోడ్‌ను మామూలు స్కానర్‌తో చదివిస్తే తెర మీద ఒక పొడవాటి వరుస వస్తుంది. డిజిటల్ సంతకం ఉన్న కొత్త క్యూఆర్ 2018లో వచ్చింది. అంతకు ముందు అచ్చయిన కార్డుల్లో కనిపించే ఆ వరుస ఎక్స్‌ఎంఎల్ అనే పద్ధతిలో రాసిన సమాచారం. కనిగిరి వాసి కార్డయితే అందులో పీసీ అన్న చోట పిన్ కోడ్ 523230 అని, డిస్ట్ అన్న చోట ప్రకాశం అని ఉంటుంది. మండలం అనే మాట మాత్రం ఎంత వెతికినా దొరకదు. ఆ సమాచారం సబ్‌డిస్ట్ అనే పేరు కింద ఉంటుంది. ఊరి పేరు వీటీసీ అనే మూడక్షరాల వెనక ఉంటుంది. విలేజ్, టౌన్, సిటీ మూడింటికీ కలిపి పెట్టిన పొట్టి పేరది.

మండలం అనే మాట లేకపోవడానికి కారణం ఉంది. మన ఆంధ్రప్రదేశ్‌లో 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. పక్కనున్న కర్ణాటకలో తాలూకా అంటారు, ఉత్తరాదిలో తహసీల్ అంటారు. దేశమంతటికీ ఒకే ఫైలు నమూనా తయారు చేసినవాళ్లు ఏ రాష్ట్రానికీ చెందని పేరు ఒకటి ఎంచుకున్నారు. అందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. కానీ కనిగిరిలో కూర్చుని సహకార సంఘం సభ్యుల నమోదుకు ప్రోగ్రాము రాసే కుర్రాడికి ఒక ప్రశ్న ఎదురవుతుంది. అతని ప్రోగ్రాములో మండలం అని ఉంది. వచ్చే ఫైల్లో సబ్‌డిస్ట్ అని ఉంది. ఈ రెండూ ఒకటేనని కంప్యూటర్‌కు ఎవరు చెప్పాలి, ఎక్కడ చెప్పాలి?

చాలామంది చేసే పని ప్రోగ్రాము లోపలి పేర్లే మార్చేయడం. మండలాన్ని చెరిపి సబ్‌డిస్ట్ అని, ఊరిని చెరిపి వీటీసీ అని పెట్టేస్తారు. ఆ రోజుకు పని నడుస్తుంది. ఆర్నెల్ల తర్వాత ఆ ప్రోగ్రాము తెరిచిన ఇంకొకరికి ఒక్క ముక్కా అర్థం కాదు. పైగా రేపు ఇంకో శాఖ నుంచి ఇంకో పేరుతో ఫైలు వస్తే మళ్లీ అన్నీ మార్చుకోవాలి. నా ఉద్దేశంలో ప్రోగ్రాము లోపల మన పనికి తగ్గ మన పేర్లే ఉండాలి, బయటి పత్రంలో బయటివాళ్ల పేర్లు ఉండాలి. రెండింటికీ పొత్తు కుదిర్చే మాట సరిహద్దు దగ్గర, కంటికి కనిపించేలా, ఒక్కచోట రాసి ఉండాలి. ఆ పొత్తునే మ్యాపింగ్ అంటారు. ఇప్పుడు వాడుకలో ఉన్న చాలా కంప్యూటర్ భాషల్లో దీన్ని మనకు కావలసినట్టు మలచుకునే వీలుంది.

కొత్తవారి కోసం కాస్త మొదటి నుంచి చెబుతాను. ప్రోగ్రాములో ఒక సభ్యుడి వివరాలన్నీ కలిపి పెట్టుకునే ముద్దను ఆబ్జెక్ట్ అంటారు. అందులో పేరు, ఊరు, మండలం, పుట్టిన తేదీ అన్నవి ఒక్కొక్కటీ ఒక ప్రాపర్టీ. ఇలాంటి ఆబ్జెక్టులు ఏ ఆకారంలో ఉండాలో చెప్పే నమూనాను క్లాస్ అంటారు. ప్రోగ్రాము నడుస్తున్నంతసేపు ఆబ్జెక్ట్ కంప్యూటర్ జ్ఞాపకంలో ఉంటుంది. దాన్ని ఫైల్లో దాచాలన్నా, ఇంకో ఆఫీసుకు పంపాలన్నా అక్షరాలుగా మార్చాలి. 1998 ఫిబ్రవరి 10న డబ్ల్యూ3సీ అనే ప్రపంచ సంస్థ ప్రమాణంగా ప్రకటించిన ఎక్స్‌ఎంఎల్ అలా మార్చే పద్ధతుల్లో ఒకటి. మనకు నచ్చిన పేర్లతో ట్యాగులు పెట్టుకుని, వాటి మధ్య సమాచారం రాయవచ్చు. ట్యాగు పేర్లు ఇంగ్లిషులోనే ఉండాలన్న నిబంధన కూడా లేదు. కింద రాసింది నిజంగానే చెల్లుబాటయ్యే ఎక్స్‌ఎంఎల్.

<చిరునామా>
<ఊరు>కనిగిరి</ఊరు>
<మండలం>కనిగిరి</మండలం>
<పిన్>523230</పిన్>
</చిరునామా>

ఇదే సమాచారాన్ని ఇంకో తీరులోనూ రాయవచ్చు.

<చిరునామా ఊరు="కనిగిరి" మండలం="కనిగిరి" పిన్="523230"/>

మొదటి దాంట్లో ప్రతి వివరానికీ సొంత ట్యాగు ఉంది. దాన్ని ఎలిమెంట్ అంటారు. రెండో దాంట్లో ఒకే ట్యాగు ఉంది, వివరాలన్నీ దాని లోపలే పేరు, విలువల జంటలుగా ఉన్నాయి. ఒక్కో జంట ఒక యాట్రిబ్యూట్. చదివే మనిషికి రెండూ ఒకటే. చదివే ప్రోగ్రాముకు మాత్రం రెండూ పూర్తిగా వేరు. ఎలిమెంట్ కోసం చూస్తున్న ప్రోగ్రాముకు యాట్రిబ్యూట్ కనబడదు.

తెలుగు ట్యాగుల గురించి ఒక మాట. మనం టైపు చేసేటప్పుడు పొల్లు తర్వాత వచ్చే అక్షరం దానికి వత్తుగా అతుక్కోకుండా కంటికి కనబడని ఒక గుర్తు వేస్తుంటాం. 1998 నాటి ప్రమాణం ట్యాగు పేర్లలో ఆ గుర్తును ఒప్పుకోలేదు. 2008లో వచ్చిన ఐదో ఎడిషన్ ఒప్పుకుంది. పాత నియమాలను పట్టుకున్న సాఫ్ట్‌వేర్లు ఇంకా వాడుకలో ఉన్నాయి కనుక ట్యాగు పేర్లలో ఆ గుర్తు రాకుండా చూసుకోవడం మంచిది. ట్యాగుల మధ్య రాసే సమాచారంలో దానికి ఏ అడ్డూ లేదు.

ఇక మ్యాపింగ్ సంగతికొస్తే, మైక్రోసాఫ్ట్ వారి డాట్‌నెట్‌లో ఎక్స్‌ఎంఎల్ సీరియలైజర్ అనే పనిముట్టు ఉంది. మనమేమీ చెప్పకపోతే అది క్లాసు పేరును బయటి ట్యాగుగా, పబ్లిక్ ప్రాపర్టీ ఒక్కొక్కదాన్నీ దాని పేరుతోనే ఒక ఎలిమెంటుగా రాసేస్తుంది. మన ఫైలు మనమే రాసి మనమే చదువుకునేంతవరకు ఇది హాయిగా ఉంటుంది. పత్రం ఆకారం ఇంకొకరు నిర్ణయించిన రోజున ఇది చాలదు.

ఉదాహరణకు, ఆధార్ సంస్థ 2018లో ఆఫ్‌లైన్ ఈకేవైసీ అనే ఫైలును ప్రవేశపెట్టింది. పౌరుడు తానే దించుకుని, తాను పెట్టుకున్న నాలుగక్షరాల షేర్ కోడ్‌తో తాళం వేసి, తనకిష్టమైన వారికి ఇచ్చే జిప్ ఫైలు అది. లోపల ఎక్స్‌ఎంఎల్ ఉంటుంది. పూర్తి ఆధార్ సంఖ్య ఉండదు, చివరి నాలుగంకెలే ఉంటాయి. పేరు, పుట్టిన తేదీ, లింగం అన్నవి పీవోఐ అనే ఎలిమెంట్‌లో యాట్రిబ్యూట్లు. చిరునామా ముక్కలన్నీ పీవోఏ అనే ఎలిమెంట్‌లో యాట్రిబ్యూట్లు. ఫొటో ఒక్కటే సొంత ఎలిమెంట్‌లో బేస్64 అనే పద్ధతిలో అక్షరాలుగా ఉంటుంది. దీన్ని చదవడానికి మన క్లాసులో మండలం ప్రాపర్టీకి పైన చదరపు బ్రాకెట్లలో ఒక గుర్తు పెడతాం. అసలు కోడ్‌లో ఇంగ్లిషు అక్షరాలుంటాయి, ఇక్కడ తెలుగులో చూపిస్తున్నాను.

[ఎక్స్‌ఎంఎల్‌యాట్రిబ్యూట్("సబ్‌డిస్ట్")]
పబ్లిక్ స్ట్రింగ్ మండలం

పై వరుస రెండు సంగతులు చెబుతోంది. ఈ ప్రాపర్టీని ఎలిమెంటుగా కాకుండా యాట్రిబ్యూట్‌గా వెతకమని ఒకటి, పేరు సబ్‌డిస్ట్ అని రెండోది. ప్రోగ్రాము లోపల మిగతా చోట్లన్నిటా మండలం మండలంగానే ఉంటుంది. ఇలాగే ఎలిమెంట్ పేరు మార్చడానికి ఎక్స్‌ఎంఎల్ ఎలిమెంట్ అనే గుర్తు ఉంది, అన్నిటికన్నా బయటి ట్యాగు పేరు చెప్పడానికి ఎక్స్‌ఎంఎల్ రూట్ ఉంది, ఫలానా ప్రాపర్టీని పత్రంలోకి పోనివ్వొద్దని చెప్పడానికి ఎక్స్‌ఎంఎల్ ఇగ్నోర్ ఉంది. లింగం ఎం, ఎఫ్, టీ అనే ఒంటి అక్షరాలుగా వస్తుంది కదా. మన ప్రోగ్రాములో పురుషుడు, స్త్రీ, ట్రాన్స్‌జెండర్ అని పూర్తి పేర్లతో ఎన్యూమ్ అనే విలువల జాబితా పెట్టుకుని, ఒక్కోదాని మీద ఎక్స్‌ఎంఎల్ ఎన్యూమ్ గుర్తుతో ఆ ఒంటి అక్షరం రాస్తే సరిపోతుంది. ఫొటోకు బైట్ల వరుసగా ప్రాపర్టీ పెడితే చాలు, బేస్64 విప్పే పని సీరియలైజరే చేసుకుంటుంది.

ఇంతవరకు సులువే. ఇబ్బంది ఎక్కడంటే, పేరు తప్పు రాసినా ఈ పనిముట్టు అరవదు. తనకు తెలియని యాట్రిబ్యూట్ కనబడితే మౌనంగా దాటేస్తుంది. తాను వెతికే యాట్రిబ్యూట్ లేకపోతే ఆ ప్రాపర్టీని ఖాళీగా వదిలేస్తుంది. పాత క్యూఆర్‌లో తండ్రి లేక భర్త పేరుకు సీవో అనే పేరుంది. ఆఫ్‌లైన్ ఫైల్లో అదే సంగతికి కేరాఫ్ అనే పూర్తి పేరుంది. ఇంటి దారికి ఆనవాలుగా చెప్పే ల్యాండ్‌మార్క్ పాతదాంట్లో ఎల్‌ఎం, కొత్తదాంట్లో పూర్తి మాట. పాత క్యూఆర్ కోసం రాసిన పేర్లనే కొత్త ఫైలులోని పీవోఏ క్లాసుకూ వాడితే పిన్ కోడ్ సరిగ్గా వస్తుంది, ఊరు సరిగ్గా వస్తుంది, తండ్రి పేరు మాత్రం మాయమవుతుంది. తెర మీద ఎర్ర అక్షరం ఒక్కటీ కనబడదు. ఒకే పేరున్న మనుషులు ఊళ్లో నలుగురుంటే వాళ్లను వేరు చేసి చూపేది ఆ తండ్రి పేరే. రుణం పద్దు ఒకరిది ఇంకొకరి మీద పడటానికి ఈ ఒక్క ఖాళీ చాలు. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా కూడా ఇంతే నష్టం చేస్తుంది, ఎందుకంటే ఎక్స్‌ఎంఎల్‌కు అవి రెండూ వేర్వేరు పేర్లు.

దీనికి కాపలా పెట్టుకునే దారి ఉంది. తెలియని యాట్రిబ్యూట్, తెలియని ఎలిమెంట్ ఎదురైనప్పుడు కబురు చెప్పమని ఆ సీరియలైజర్‌నే అడగవచ్చు. అన్‌నోన్ యాట్రిబ్యూట్, అన్‌నోన్ ఎలిమెంట్ అనే ఈవెంట్లు అందుకే ఉన్నాయి. వాటిని వాడేవారు తక్కువ, వాడాల్సిన అవసరం ఎక్కువ. అయితే అవి ఎక్కువైన వాటి గురించే చెబుతాయి. తక్కువైన వాటిని మనమే చూసుకోవాలి. చదవడం అయ్యాక తప్పనిసరి ప్రాపర్టీలు నిండాయో లేదో ఒక్కొక్కటీ పరీక్షించి, నిండకపోతే ఆ ఫైలును పక్కన పెట్టాలి.

పుట్టిన తేదీ దగ్గర ఇంకో చిక్కు. ఎక్స్‌ఎంఎల్ ప్రపంచంలో తేదీ అంటే ముందు సంవత్సరం, తర్వాత నెల, ఆఖరున రోజు. ఆఫ్‌లైన్ ఫైల్లో మనం మామూలుగా రాసుకునే వరుస ఉంటుంది, ముందు రోజు, ఆఖరున సంవత్సరం. ప్రాపర్టీని తేదీ రకంగా పెట్టి నేరుగా మ్యాప్ చేస్తే చదివేటప్పుడు ప్రోగ్రాము ఆగిపోతుంది. ఇక్కడ పని చేసే ఉపాయం ఏమిటంటే, అసలు తేదీ ప్రాపర్టీ మీద ఎక్స్‌ఎంఎల్ ఇగ్నోర్ పెట్టి, దాని పక్కనే పత్రం కోసం మాత్రమే ఒక అక్షరాల ప్రాపర్టీ పెట్టుకోవడం. సీరియలైజర్ ఆ రెండో దానితోనే మాట్లాడుతుంది. అందులోకి అక్షరాలు రాగానే అది తేదీగా మార్చి మొదటి దానికి అందిస్తుంది, పత్రం రాసేటప్పుడు మళ్లీ అక్షరాలుగా మార్చి ఇస్తుంది.

పాత కార్డుల్లో తేదీకి బదులు ఒట్టి సంవత్సరమే ఉన్నవి చాలా ఉన్నాయి. క్యూఆర్‌లో వైవోబీ అనే పేరుతో ఆ సంవత్సరం ఉంటుంది. మన ఇళ్లలో పెద్దవాళ్లను పుట్టినరోజు ఎప్పుడని అడిగితే ఫలానా తుఫాను ఏడు అనో, ఫలానా పండుగ వెళ్లిన నాలుగో రోజు అనో చెప్పిన తరం వాళ్లది. నమోదు చేసినవారు సంవత్సరం వరకే రాశారు, అది నిజాయితీగా చేసిన పని. ప్రోగ్రాములోని తేదీ రకం మాత్రం రోజు, నెల లేకుండా నిలబడలేదు. అందుకని చాలా ప్రోగ్రాములు జనవరి 1 అని తామే కల్పించి నింపేస్తాయి. ఆ కల్పన ఒకసారి ఫైల్లోకి ఎక్కాక అది నిజం తేదీనా, నింపిన తేదీనా అన్నది తేల్చడం ఎవరి వల్లా కాదు. పింఛను లెక్క దగ్గర ఈ నెలల తేడా ఒక ముసలామె అర్హత తేదీనే మార్చేయవచ్చు. సంవత్సరానికి ఒక ప్రాపర్టీ, పూర్తి తేదీ ఉంటే దానికి ఇంకో ప్రాపర్టీ పెట్టి, ఉన్నది మాత్రమే నింపాలి. డాట్‌నెట్‌లో దీనికి తోడ్పడే అలవాటు ఒకటుంది. ప్రాపర్టీ పేరు చివర స్పెసిఫైడ్ అని తగిలించి అవును, కాదు రకంలో ఇంకో ప్రాపర్టీ పెడితే, అసలు విలువ పత్రంలో ఉందా లేదా అన్నది సీరియలైజర్ అక్కడ గుర్తు పెడుతుంది. ఇది ఎలిమెంట్లకూ, యాట్రిబ్యూట్లకూ పని చేస్తుంది.

ఆఫ్‌లైన్ ఫైల్లో ఎం అనే యాట్రిబ్యూట్ ఉంది. మొబైల్ నంబరేమో అనుకుని ఫోన్ అనే ప్రాపర్టీకి మ్యాప్ చేయాలనిపిస్తుంది. అందులో ఉండేది నంబరు కాదు. నంబరునూ షేర్ కోడ్‌నూ కలిపి ఎస్‌హెచ్ఏ-256 లెక్కలో తిప్పగా వచ్చిన 64 అక్షరాల ముద్ర. సభ్యుడు తన నంబరు చెప్పినప్పుడు మళ్లీ అదే లెక్క వేసి పోల్చి చూడటానికే అది పనికొస్తుంది. ఆ ప్రాపర్టీకి మొబైల్ ముద్ర అని పేరు పెడితే తర్వాత వచ్చే ప్రోగ్రామర్ దాన్ని ఫోన్ నంబరుగా అచ్చు వేయడు.

ఫైలు ఆఖరున సిగ్నేచర్ అనే ఎలిమెంట్ ఉంటుంది. ఈ వివరాలు ఆధార్ సంస్థ ఇచ్చినవే, మధ్యలో ఎవరూ దిద్దలేదు అని చెప్పే డిజిటల్ సంతకం అది. దీన్ని పేరు చూసి మ్యాప్ చేస్తే దొరకదు. ఆ ఎలిమెంట్‌కు పేరుతో పాటు నేమ్‌స్పేస్ కూడా ఉంది. ఊళ్లో ఇద్దరు వెంకటేశ్వర్లుంటే ఇంటిపేరు కలిపి పిలిచినట్టే, ఎక్స్‌ఎంఎల్‌లో ఒకే పేరున్న ట్యాగులను నేమ్‌స్పేస్ వేరు చేస్తుంది. గుర్తులో పేరు పక్కన ఆ నేమ్‌స్పేస్ కూడా రాస్తేనే ప్రాపర్టీ నిండుతుంది.

సంతకం ఉన్న ఫైలు విషయంలో తప్పక పాటించాల్సిన జాగ్రత్త ఒకటుంది. ఫైలును ఆబ్జెక్ట్‌లోకి చదివి, మళ్లీ అదే ఆబ్జెక్ట్‌ను ఫైలుగా రాసి దాచుకుంటే సంతకం చెల్లకుండా పోవచ్చు. యాట్రిబ్యూట్ల వరుస మారినా పరవాలేదు, సంతకం సరిచూసే ముందు వాటిని ఒక క్రమంలో పెట్టే పద్ధతి ఉంది. కానీ మన క్లాసు పట్టించుకోని యాట్రిబ్యూట్ ఒక్కటి రాలిపోయినా, ఖాళీగా ఉన్న ల్యాండ్‌మార్క్‌ను మన ప్రోగ్రాము అనవసరమని వదిలేసినా, చూడ్డానికి బాగుండాలని ట్యాగుల మధ్య కొత్త వరుసలు చేర్చినా సంతకం తప్పుతుంది. అందుకని సంతకాన్ని ముందు వచ్చిన ఫైలు మీదే సరిచూడాలి, ఆ తర్వాతే వివరాలను ఆబ్జెక్ట్‌లోకి తీసుకోవాలి. రుజువుగా దాచాల్సి వస్తే వచ్చిన ఫైలును వచ్చినట్టే, ఒక్క బైటు కూడా కదపకుండా దాచాలి.

జిల్లా పేరు దగ్గర పేరుకీ విలువకీ ఉన్న తేడా బాగా తెలుస్తుంది. కనిగిరి ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేది. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చింది. 1972లో ఆ జిల్లా పేరు ప్రకాశం అయింది. పక్కనున్న కందుకూరు 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనలో మళ్లీ నెల్లూరు వైపు వెళ్లింది. అక్కడివారి పాత కార్డుల్లో డిస్ట్ దగ్గర ప్రకాశం అనే ఉంటుంది. ఇది చూసి కొందరు పత్రం చదివే చోటే ప్రకాశాన్ని నెల్లూరుగా మార్చే కోడ్ రాశారు. అది మ్యాపింగ్ చేయాల్సిన పని కాదు. డిస్ట్ అనేది మన జిల్లా ప్రాపర్టీ అని చెప్పడం వరకే మ్యాపింగ్ బాధ్యత. కార్డులో ఉన్న జిల్లా ఇది అని ఒకచోట, ఇప్పటి జిల్లా ఇది అని ఇంకోచోట పెట్టుకుని, రెండో దాన్ని వేరే పట్టిక చూసి నింపుకోవాలి. లేకపోతే రేపు ఎవరైనా కార్డు పక్కన పెట్టి పోల్చినప్పుడు తేడా ఎక్కడ వచ్చిందో చెప్పలేం.

ఇప్పటివరకు చదవడం గురించే చెప్పాను. రాయడంలో వచ్చే చిక్కులకు మన బజారులో రోజూ కనిపించే ఉదాహరణ ట్యాలీ అనే పద్దుల సాఫ్ట్‌వేర్. ఎరువుల దుకాణాల వాళ్లు బిల్లులకు ఏదో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ వాడతారు, పద్దులు మాత్రం ట్యాలీలో ఉంటాయి. ఆడిటర్‌కు కావలసింది ట్యాలీ లెక్కే. బిల్లులను రెండోసారి చేత్తో ఎక్కించకుండా ఎక్స్‌ఎంఎల్‌గా పంపితే ట్యాలీ తీసుకుంటుంది. అదే కంప్యూటర్‌లో మామూలుగా 9000 అనే పోర్టు దగ్గర అది వింటూ ఉంటుంది.

ట్యాలీకి తన సొంత పేర్లున్నాయి. ఓచర్‌లో, అంటే ఒక లావాదేవీ రికార్డులో, ఒక్కో లెడ్జర్ పద్దుకు పెట్టిన ట్యాగు పేరు ఆల్‌లెడ్జర్‌ఎంట్రీస్ అని మొదలై, మధ్యలో చుక్క వచ్చి, లిస్ట్ అని ముగుస్తుంది. పేరులో చుక్క ఉంటే దాన్ని డాట్‌నెట్ భాష అయిన సీషార్ప్‌లోనూ జావాలోనూ ప్రాపర్టీ పేరుగా పెట్టడం కుదరదు. మన పేర్లను వాళ్ల పేర్లకు సరిపెట్టేద్దాం అనుకున్నవారి దారి ఇక్కడ పూర్తిగా మూసుకుపోతుంది. ప్రాపర్టీకి పద్దులు అని మన పేరు పెట్టుకుని, చుక్క ఉన్న పేరును గుర్తులో రాయడం ఒక్కటే మార్గం.

ఆ పద్దులు ఒకటికన్నా ఎక్కువ ఉంటాయి కనుక ప్రాపర్టీ ఒక జాబితా. జాబితాను సీరియలైజర్‌కు వదిలేస్తే జాబితా పేరుతో ఒక బయటి ట్యాగు రాసి, దాని లోపల ఒక్కో పద్దుకు ఒక ట్యాగు రాస్తుంది. ట్యాలీ ఆ బయటి ట్యాగును అడగదు. ఓచర్ లోపలే నేరుగా, ఒకదాని కింద ఒకటిగా, అదే పేరు మళ్లీ మళ్లీ రావాలంటుంది. జాబితా ప్రాపర్టీ మీద ఎక్స్‌ఎంఎల్ ఎలిమెంట్ గుర్తు పెడితే బయటి ట్యాగు పోతుంది. అది కావాలనుకునే చోట ఎక్స్‌ఎంఎల్ అరే, ఎక్స్‌ఎంఎల్ అరే ఐటెమ్ అనే రెండు గుర్తులు పెట్టి లోపలి పేరు, బయటి పేరు రెండూ మనమే నిర్ణయించవచ్చు. కొత్తగా నేర్చుకునేవారు ఎక్కువ సమయం పోగొట్టుకునేది ఈ ఒక్కచోటే.

తేదీని ట్యాలీ ఎనిమిదంకెలుగా, గీతలు లేకుండా రాయమంటుంది. 2024 ఏప్రిల్ 1 అంటే 20240401. అవును, కాదు అన్న విలువలకు డాట్‌నెట్ తనంతట తాను రాసే ట్రూ, ఫాల్స్ ట్యాలీకి పనికిరావు, యస్, నో కావాలి. రెండింటికీ పుట్టిన తేదీకి చెప్పిన జంట ప్రాపర్టీ ఉపాయమే సరిపోతుంది. మొత్తం దగ్గర మాత్రం అక్షరాలకన్నా అర్థం మీద దృష్టి పెట్టాలి. ట్యాలీ ఎక్స్‌ఎంఎల్‌లో డెబిట్ మొత్తం మైనస్‌తో ఉంటుంది. రైతుకు రూ. 10,000 ఎరువులు అరువిచ్చాం అనుకుందాం. పన్ను సంగతి పక్కన పెడితే రైతు ఖాతా పద్దులో మైనస్ 10000, అమ్మకాల పద్దులో 10000 రాయాలి, రెండూ కలిపితే సున్నా రావాలి. మన బిల్లుల ప్రోగ్రాములో రైతు బాకీ ప్లస్‌గానే ఉంటుంది, ఉండాలి కూడా. ప్లస్‌ను మైనస్‌గా తిప్పే పని పత్రం సరిహద్దులోనే జరగాలి. ప్రోగ్రాము లోపలికి ఆ మైనస్ పాకితే బాకీల జాబితాలో బాకీ ఉన్నవాళ్లంతా ముందే కట్టినవాళ్లుగా కనబడతారు.

రైతుల పేర్లు తెలుగులో రాసుకునే దుకాణాలూ ఉన్నాయి. అక్కడ ఫైలును ఏ ఎన్‌కోడింగ్‌లో, అంటే అక్షరాలను బైట్లుగా మార్చే ఏ పద్ధతిలో, రాశామన్నది ముఖ్యం. డాట్‌నెట్‌లో స్ట్రింగ్ రైటర్ ద్వారా రాస్తే పత్రం మొదటి వరుసలో యూటీఎఫ్-16 అని పడుతుంది. దాన్ని యూటీఎఫ్-8 ఫైలుగా దాస్తే పైన రాసిందొకటి, లోపల ఉన్నది మరొకటి అవుతుంది, అవతలివారు చదవలేరు. పాత ఏఎన్ఎస్ఐ పద్ధతిలో దాస్తే తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి, అవి ఇక తిరిగి రావు. ఫైలు పంపాక ట్యాలీ ఇచ్చే జవాబు కూడా ఎక్స్‌ఎంఎలే. ఎన్ని కొత్తగా చేరాయి, ఎన్ని మారాయి, ఎన్ని తప్పులు అన్న లెక్కలు అందులో ఉంటాయి. ఆ జవాబుకు కూడా చిన్న క్లాసు ఒకటి రాసి, పంపిన బిల్లుల సంఖ్య చేరిన వాటి సంఖ్యకు సరిపోయిందో లేదో ప్రతిసారీ చూడాలి.

ఇప్పుడు అసలు చిక్కు. సభ్యుడు అనే ఒకే క్లాసును ఆధార్ ఫైలు నుంచి నింపాలి, ట్యాలీకి ఖాతాదారుగా పంపాలి. ఒకే ప్రాపర్టీకి రెండు పత్రాల్లో రెండు పేర్లు. గుర్తు మాత్రం ఒక్కటే పెట్టగలం. ఇందుకోసం డాట్‌నెట్‌లో ఎక్స్‌ఎంఎల్ యాట్రిబ్యూట్ ఓవర్‌రైడ్స్ అనే ఏర్పాటుంది. క్లాసును ముట్టుకోకుండా, ఈ పత్రానికి మటుకు ఈ పేర్లు వాడు అని బయటి నుంచి చెప్పవచ్చు. ఇతరులు రాసి ఇచ్చిన, మనం మార్చలేని క్లాసుల విషయంలో ఇది ఎంతో ఆదుకుంటుంది. కానీ ఇలా తయారుచేసిన సీరియలైజర్‌ను డాట్‌నెట్ తనంతట తాను దాచుకోదు. ప్రతి బిల్లుకూ కొత్తది తయారుచేస్తే ప్రతిసారీ లోపల కొత్త కోడ్ పుట్టి జ్ఞాపకంలో పేరుకుపోతుంది. పొద్దున చురుగ్గా ఉన్న ప్రోగ్రాము సాయంత్రానికి ఈడుస్తూ నడవడం మొదలుపెడుతుంది. ఒకసారి తయారుచేసి, దాచుకుని, మళ్లీ మళ్లీ అదే వాడాలి.

రెండు పత్రాలకు పొంతన లేనంత తేడా ఉన్నప్పుడు నేను సిఫారసు చేసేది ఇంకో దారి. ఆధార్ పత్రం ఆకారానికి ఒక చిన్న క్లాసు, ట్యాలీ పత్రం ఆకారానికి ఒక చిన్న క్లాసు, మన సభ్యుడి క్లాసు వేరే. పత్రాల క్లాసుల్లో పనేమీ ఉండదు, ప్రాపర్టీలూ గుర్తులూ తప్ప. వాటి నుంచి మన క్లాసులోకి, మన క్లాసు నుంచి వాటిలోకి వివరాలు మార్చే కోడ్ మామూలుగా రాసుకుంటాం. తేదీ తిప్పడం, మైనస్ తిప్పడం అన్నీ అక్కడే. కోడ్ కాస్త పెరుగుతుంది. అయినా ఆధార్ ఫైలు నమూనా మారిన రోజున ట్యాలీ వైపు ఒక్క వరుసా కదపక్కర్లేదు. ముగ్గురు నలుగురు పని చేసే చిన్న జట్లకు ఇదే ఎక్కువ కాలం నిలుస్తుంది.

గుర్తులేవీ చాలని పత్రాలూ ఉంటాయి. అప్పుడు ఐఎక్స్‌ఎంఎల్ సీరియలైజబుల్ అనే ఒప్పందం తీసుకుని, చదవడమూ రాయడమూ మొత్తం మన చేత్తో రాయవచ్చు. అందరూ తట్టుకుని పడే రాయి ఒకటుంది ఇక్కడ. చదివే భాగంలో మన ఎలిమెంట్ ముగింపు ట్యాగును కూడా దాటి బయటకు రావాలి. దాన్ని దాటకుండా ఆగితే, ఒక్క ఆబ్జెక్ట్ ఉన్న ఫైలుతో పరీక్షించినప్పుడు అంతా సరిగ్గా కనిపించవచ్చు. జాబితా ఉన్న ఫైలు వచ్చినప్పుడు మొదటిది చదివి మిగతావి కలగాపులగం చేస్తుంది. కనీసం మూడు ఆబ్జెక్టులున్న ఫైలుతో పరీక్షించకుండా దీన్ని నమ్మకూడదు.

జావాలో పని చేసేవారికి ఇవే వసతులు జాక్స్‌బీ అనే పేరుతో ఉన్నాయి. గుర్తులకు అక్కడ యానొటేషన్లని పేరు, అట్ గుర్తుతో మొదలవుతాయి. ఇగ్నోర్‌కు బదులు ట్రాన్సియంట్, జంట ప్రాపర్టీకి బదులు ఎక్స్‌ఎంఎల్ అడాప్టర్. ఈ అడాప్టర్ చాలా శుభ్రమైన ఏర్పాటు. తేదీని అక్షరాలుగా, అక్షరాలను తేదీగా మార్చే రెండు పద్ధతులను ఒక చిన్న క్లాసులో రాసి, కావలసిన ప్రతి ప్రాపర్టీ మీదా దాని పేరు పెట్టుకోవచ్చు. ట్యాలీ యస్, నో కూడా ఇలాగే తీరిపోతుంది.

2006లో జావా 6తో పాటు వచ్చిన జాక్స్‌బీని 2018లో జావా 11 నుంచి తీసేశారు. ఇప్పుడు అది జకార్తా ఎక్స్‌ఎంఎల్ బైండింగ్ అనే వేరే లైబ్రరీ, విడిగా తెచ్చుకోవాలి. 2020లో వచ్చిన దాని 3.0 వెర్షన్ నుంచి ప్యాకేజీ పేరు మొదట్లో జావాఎక్స్ పోయి జకార్తా వచ్చింది. క్లాసుల మీద పాత ప్యాకేజీ యానొటేషన్లు ఉండి, నడిపే లైబ్రరీ కొత్తదైతే ఆ యానొటేషన్లను అది గుర్తించదు. బయటి ట్యాగు గుర్తు కనబడక ఒక్కోసారి తప్పు చూపించి ఆగుతుంది, అది మన అదృష్టం. ఆగకుండా నడిస్తే సబ్‌డిస్ట్ అని రాయాల్సిన చోట మన మండలం పేరే రాసి పంపేస్తుంది, మూసిపెట్టిన ప్రాపర్టీలు కూడా పత్రంలోకి వెళ్లిపోతాయి. పాత జావా ప్రోగ్రామును కొత్త వెర్షన్‌కు మార్చేవారు ప్రతి క్లాసు పైన ఉన్న ఇంపోర్ట్ వరుసలన్నీ జకార్తాకు మారాయో లేదో చూసి, మార్పుకు ముందు రాసిన ఫైలునూ తర్వాత రాసిన ఫైలునూ పక్కపక్కన పెట్టి పోల్చాకే దుకాణంలో పెట్టాలి.